ఆపా కట్టిన పది శాతం

వనపర్తిలో మేమిద్దరం పదకొండేళ్లు ఒకే పోర్షన్‌లో కిరాయికి ఉన్నాం. నేను ట్రెజరీ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. ఆమె ఉర్దూ మీడియం బడిలో టీచర్. నాకంటే ఆరేళ్లు పెద్దది కాబట్టి ఆపా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను చెల్లె అనేది.

మాకు పరిచయమైంది నా బల్ల దగ్గరే. ఒక కాగితంలో ఆమె పేరు ఒక తీరుగా, ఇంకో కాగితంలో మరో తీరుగా రాసి ఉండటంతో మూడు నెలల జీతం ఆగిపోయింది. బడి వదిలాక రోజూ వచ్చి నా ఎదురుగా కూర్చునేది. గట్టిగా మాట్లాడేది కాదు, ఎవరి మీదా ఫిర్యాదు చేసేది కాదు. ఫైలు కదిలిందా అని కళ్లతోనే అడిగి, లేదంటే లేచి వెళ్లిపోయేది. బిల్లు పాసైన రోజు స్టీలు డబ్బాలో సొరకాయ హల్వా తెచ్చింది. అప్పటికి నేను పెళ్లయిన రెండేళ్లకే విడిపోయి, ఆడవాళ్ల హాస్టల్లో ఒక మంచం మీద బతుకుతున్నాను. ఆమెకు రెండు గదుల పోర్షన్ ఉంది, కిరాయి మాత్రం ఒక్కదానికి బరువుగా ఉంది. అలా కలిశాం.

ఆపాది గద్వాల. తండ్రి త్వరగా పోతే ముగ్గురు చెల్లెళ్లను చదివించి, పెళ్లిళ్లు చేసింది. తన పెళ్లి సంగతి ఇంట్లో అందరూ ఒకేసారి మర్చిపోయారని నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వు నిజమైనదేనని నేను చాలాకాలం నమ్మాను.

పదకొండో ఏట ఇంటి ఓనరు కొడుక్కి పెళ్లి కుదిరింది. మా పోర్షన్ వాళ్లకు కావాలన్నారు. రెండు నెలల గడువిచ్చారు. అందులో తప్పేమీ లేదు. ఇళ్లు వెతకడం మొదలుపెట్టాకే మా ఇద్దరి సంగతి మాకు తెలిసొచ్చింది. టూలెట్ బోర్డు చూసి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ మొదట ఆమె బుర్ఖా వైపు, తర్వాత నా బొట్టు వైపు చూసేవాళ్లు. ఒకాయన ఆపా ఒక్కతే ఉంటే ఇస్తానన్నాడు. ఇంకొకరు నేనొక్కదాన్నే ఉంటే ఇస్తామన్నారు. ఒక ముసలామె మాత్రం మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి నెమ్మదిగా అడిగింది.

“కులం గాదు, మతం గాదు, సుట్టం గాదు. మరి మీరిద్దరు ఏమైతరు బిడ్డా?”

ఆమె గొంతులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంది. నేను జవాబు కోసం ఆపా వైపు చూశాను. ఆపా గ్లాసు కింద పెట్టి, వస్తామమ్మా అని లేచింది.

కొత్తకోట రోడ్డు మీద ఒక ఇళ్ల కంపెనీ ఫ్లెక్సీ కనిపించింది ఆ వారంలోనే. పది శాతం కట్టండి, మిగతాది బ్యాంకు చూసుకుంటుంది అని రాసి, పక్కన ఇంటి బొమ్మ, ఇంటి ముందు నవ్వుతున్న మొగుడూ పెళ్లాలు, ఒక పాప. ఆదివారం ఇద్దరం షేర్ ఆటోలో వెళ్లాం. ఎర్రమట్టి నేల, రాళ్ల మీద తెల్లరంగుతో నంబర్లు, చివర్లో చూపించడానికి కట్టి ఉంచిన ఒకే ఒక్క ఇల్లు. సైట్ ఆఫీసులో టై కట్టుకున్న మనిషి మా ఇద్దరికీ కూల్‌డ్రింకులు ఇచ్చి విషయం విడమరిచి చెప్పాడు. ధరలో పదో వంతు మేము కట్టాలి. తొమ్మిది వంతులు బ్యాంకు అప్పుగా ఇస్తుంది. పునాదికి కొంత, స్లాబుకి కొంత, గోడలకి కొంత అని వాళ్లే విడతలుగా విడుదల చేస్తారు. తాళం చేతికొచ్చేదాకా ఆ డబ్బు మీద పడే వడ్డీ కంపెనీ భరిస్తుంది. తాళం తీసుకున్న మరుసటి నెల నుంచి మా కిస్తీ మొదలవుతుంది. ఇప్పుడు కట్టే కిరాయికి ఇంకొంచెం కలిపితే ఇల్లు మీదే అన్నాడు.

పదిహేనేళ్లుగా ఇతరుల బిల్లులు చూసినదాన్ని కాబట్టి రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిదని అడిగాను. కరెంటు మీటరు, నీళ్ల కనెక్షన్ సంగతేమిటని కూడా అడిగాను. అవి వేరే మేడం అని నవ్వాడు. ఆ మాటలో ఎంత ఉందో నాకు అర్థమైంది. అయినా ఆపా అప్పటికే ఆ నమూనా ఇంట్లోని వంటింటి కిటికీ తెరిచి బయటికి చూస్తోంది. దూరంగా జొన్నచేను ఉంది. ఎవరినీ అడగకుండా ఒక కిటికీ తెరవడం ఆమెకు ఎంత ఇష్టమో నేను అప్పుడే చూశాను.

బ్యాంకులో ఒక ఆఫీసరమ్మ మా కాగితాలన్నీ ఓపిగ్గా చూసింది. ఇద్దరి జీతాలూ కలిపి ఉమ్మడిగా అప్పు అడిగాం. అలా ఇవ్వడానికి మా ఇద్దరికీ చుట్టరికం ఉండాలని చెప్పింది. భార్యాభర్తలైనా, తల్లీబిడ్డలైనా, తోబుట్టువులైనా సరే, స్నేహితులకు మాత్రం తమ దగ్గర వీలు కాదంది. ఆమెకు కష్టంగానే ఉన్నట్టుంది, రెండుసార్లు సారీ చెప్పింది. నా ఒక్కదాని జీతం మీద వస్తుందా అని అడిగాను. లెక్క వేసి, నా రిటైర్మెంట్ దాకా సాగదీస్తే వస్తుందని చెప్పింది. పందొమ్మిదేళ్లు.

బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. వడ్డీ ఇవ్వడం, తీసుకోవడం తమ మతంలో తప్పని ఆపాకు పట్టింపు ఉండేది. తన ఖాతాలో బ్యాంకు వేసిన వడ్డీని కూడా ఏటా చూసుకుని బీదవాళ్లకు ఇచ్చేసేది. ఉమ్మడి అప్పుకు ఒప్పుకున్నది నా కోసమేనని నాకు తెలుసు.

“నా పేరు లోన్‌ల లేకపోవుడే మంచిదైంది చెల్లె,” అంది టీ తాగాక. “ముందుగల్ల కట్టే పది శాతం నేను కడ్త. అండ్ల వడ్డీ లేదు గద. నెలనెల కిస్తీ నువ్వు కట్టుకో. తిండి, కరెంటు, అన్నీ నేను ఎల్లదీస్త. నడుస్తది.”

ఇల్లు నా పేరు మీదే ఉంటుంది కదా, నీకేం కాగితం ఉంటుందని అడిగాను.

“నువ్వున్నవు గద,” అంది.

ఆ డబ్బు ఆమె ఇరవై ఏళ్ల పొదుపు. చెల్లెళ్ల కాన్పులకు, దవాఖానలకు పోగా మిగిలింది. చెక్కు మీద సంతకం పెట్టేటప్పుడు తన పేరు స్పెల్లింగు మూడుసార్లు సరిచూసుకుంది. రిజిస్ట్రేషన్‌కు నా బంగారు గాజులు అమ్మాను. వాటిని వేసుకునే పని నాకు ఎప్పుడూ పెద్దగా పడలేదు కాబట్టి బాధ అనిపించలేదు. ఇల్లు పూర్తయ్యేదాకా అని చెప్పి, మా ఆఫీసు అటెండరు వాళ్ల మేడమీది రేకుల గదిలో సర్దుకున్నాం.

ఇల్లు లేచిన ఆ పది నెలలే నా జీవితంలో నేను ఎదురుచూసి బతికిన నెలలు. ఆదివారం పొద్దున టిఫిన్ కట్టుకుని వెళ్లేవాళ్లం. గోడలకు నీళ్లు సరిగా కొట్టడం లేదని ఆపాకు అనుమానం. పైపు పట్టుకుని తనే కొట్టేది. బుర్ఖా అంచులు తడిసి ఎర్రమట్టి అంటుకునేది. పడమటి గది తనది. నమాజుకు ఆ వైపు గోడ ఖాళీగా ఉండాలంది, అందుకని అక్కడ అలమర పెట్టించలేదు. ఆ గది వెనక, నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే వజూ కోసం, కింద ఒక నల్లా, కూర్చోవడానికి చిన్న అరుగు కట్టించింది. నా దేవుడి అరకు ఈశాన్యం ఎటో మేస్త్రీని అడిగి తెలుసుకున్నదీ ఆమే. వంటింటి గట్టు అన్ని ఇళ్లకూ ఒకే ఎత్తున కడతామని మేస్త్రీ చెప్తే, ఆపా ఇటుకలు పేర్చి పక్కన నిలబడి చూపించింది. ఆమె పొట్టి మనిషి. మూడంగుళాలు తగ్గించు బిడ్డా, వంట చేసేది నేనే అంది. మేస్త్రీ తగ్గించాడు. నేను పొడగరిని, నా గురించి ఎవరమూ ఆలోచించలేదు. నాకు వంట రాదు మరి.

తలుపులు బిగిస్తున్న రోజుల్లో గద్వాల నుంచి ఫోనొచ్చింది. ఆపా కడగొట్టు చెల్లెలికి కామెర్లు ముదిరాయి. ఆపా సెలవు పెట్టి వెళ్లింది. పన్నెండు రోజులకు చెల్లెలు చనిపోయింది. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఇంటినిండా ఆడవాళ్లు గోడలకు ఆనుకుని కూర్చున్నారు. చనిపోయినామెకు ఇద్దరు ఆడపిల్లలు, పదమూడేళ్లది ఒకటి, ఆరేళ్లది ఒకటి. చిన్నది ఆపా దుపట్టా కొంగు పిడికిట్లో పట్టుకుని ఉంది. ఆపా నీళ్లు తాగడానికి లేచినా, ఎవరికో ఎదురెళ్లినా, ఆ పిల్ల కొంగు వదలకుండా వెనకే నడిచింది. పిల్లల తండ్రికి చెప్పుల దుకాణం. ఆయన గుమ్మం బయట కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. వచ్చేటప్పుడు ఆపా నాతో, నలభై రోజులు అయినాక వస్త, అంది.

నలభై రోజులయ్యాయి. రెండు నెలలయ్యాయి. ఫోన్ చేస్తే పిల్లల జ్వరం, పిల్లల బడి. వస్త చెల్లె, వస్త అనేది. ఇల్లు సిద్ధమైందని కంపెనీ ఉత్తరం పంపింది. వచ్చే నెల నుంచి కిస్తీ అని బ్యాంకు మెసేజీ పెట్టింది. ముహూర్తం ఆపాను అడిగే పెడదామని ఆగాను.

ఒక మంగళవారం మధ్యాహ్నం నా బల్ల మీదికి వచ్చిన కాగితాల్లో ఒక టీచరు చివరి జీతపు సర్టిఫికెట్ ఉంది. ఉద్యోగి వేరే జిల్లాకు బదిలీ అయితే, ఇక్కడ జీతం ఎప్పటిదాకా తీసుకున్నారో రాసి పంపే కాగితం అది. నెలకు అలాంటివి నాలుగైదు చూస్తాను. పేరు చదివాను. స్పెల్లింగు సరిగ్గా ఉంది. గద్వాల జిల్లాకు, సొంత కోరిక మీద అని రాసి ఉంది. నేను చేయాల్సిన పని చేశాను. లెక్క సరిచూసి, పొట్టి సంతకం పెట్టి, పై అధికారి బల్ల మీద ఉంచి వచ్చాను. తర్వాత బాత్రూంలోకి వెళ్లి నల్లా తిప్పి నిలబడ్డాను.

మరునాడు సెలవు పెట్టి గద్వాల వెళ్లాను. చెల్లెలి ఇంటి డాబా మీద ఆపా బట్టలు ఆరేస్తోంది. చిన్న పిల్ల బుట్టలోంచి ఒక్కొక్కటి అందిస్తోంది. నన్ను చూడగానే ఆమెకు అర్థమైంది.

“నీ బల్ల మీదికే వస్తదని ఎరుకే,” అంది. “ఫోన్ల చెప్పనీకి నోరు రాలే.”

ఇక్కడే ఉండిపోతావా అని అడిగాను. ఆమె పిల్లను కిందికి పంపి, డాబా గోడ మీద కూర్చుంది. పిల్లల తండ్రి, తన మరిది, తనను నిఖా చేసుకుంటానంటున్నాడని చెప్పింది. పెద్దవాళ్లందరూ అదే మంచిదన్నారు. బయటి మనిషి వస్తే పిల్లలు ఏమైపోతారోనని వాళ్ల భయం.

“నీకు ఇష్టమేనా ఆపా?”

“ఇంతదాంక ఎవ్వరూ అడగలే. నువ్వే అడిగినవు.” తడి చేతులు తుడుచుకుంది. “నాకు తెల్వదు చెల్లె. గా చిన్నది పొద్దుగల్ల లేవంగనే నేనున్ననా లేనా అని సూస్తది. గదొక్కటే నాకు తెల్సు.”

నేను అప్పుడు ఒక మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది. పిల్లల గురించో, ఆమె కష్టం గురించో అడిగి ఉంటే బాగుండేది. అవేవీ నోటికి రాలేదు. “మరి ఆ గట్టు ఎందుకు తగ్గించమన్నావు?” అన్నాను. ఆమె నా ముఖం వైపు చూసి, తలదించుకుని, బుట్టలో మిగిలిన ఒక చిన్న గౌను తీసి దులిపి తీగ మీద వేసింది. క్లిప్పు పెట్టడానికి చేయి అందక మునివేళ్ల మీద లేచింది. నేను అందుకుని పెట్టాను. కింద భోంచేసి పొమ్మంది. బస్సుందని వచ్చేశాను.

గృహప్రవేశానికి నాగర్‌కర్నూల్ నుంచి అన్నయ్య, వదిన, అమ్మ వచ్చారు. పాలు పొంగించాం. ఒక్క మనిషికి ఇంత ఇల్లెందుకని అన్నయ్య ముందునుంచీ అంటున్నాడు, ఆ రోజు మాత్రం అనలేదు. పడమటి గది ఎవరికని వదిన అడిగితే సామాన్లకని చెప్పాను. పిల్లలకు పరీక్షలున్నాయని నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయారు. ఆపా వస్తానంది గానీ, నిఖా అయి అప్పటికి వారమే అయింది.

కొత్త కాలనీలో మా వరుసన పదహారు ఇళ్లు. మనుషులు దిగినవి నాలుగే. మిగతావి హైదరాబాదు వాళ్లు కొని తాళాలేసి ఉంచారు. సాయంత్రం ఆఫీసు నుంచి నడిచి వస్తుంటే ఒక్కో గేటూ దాటాలి, ఏ గేటు వెనకా చప్పుడుండదు. మొదటి నెలల్లో బియ్యం చేతికొచ్చినట్టే కొలిచి ఇద్దరికి వండేదాన్ని. వంట నేర్చుకున్నాను కానీ, ఆ గట్టు దగ్గర వంగి వంగి నడుము పట్టేసేది. పైన ఇంకో బండ వేయిస్తే సరిపోతుందని పక్కవీధి మేస్త్రీ చెప్పాడు. వేయించుకోలేదు. ఎందుకని అడిగితే చెప్పలేను. ఆదివారాలు మరీ కష్టంగా ఉండేవి. పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదని సాయంత్రం పాలవాడితో మాట కలిపినప్పుడు నా గొంతు బొంగురుపోవడం చూసి తెలిసేది. నెలకోసారి కిస్తీ కట్ అయినట్టు ఫోన్‌కు మెసేజీ వచ్చేది. ఆ రోజు మొత్తంలో నాకొచ్చిన మెసేజీ అదొక్కటే అయిన నెలలు ఉన్నాయి.

ఏడాది తర్వాత టీచర్ల శిక్షణ కోసం ఆపా వనపర్తి వచ్చింది. మూడు గంటలకు వదిలారని, ఐదింటి బస్సుకు వెళ్లాలని ఫోన్ చేసింది. నేను ఆఫీసులో చెప్పి పరుగున ఇంటికొచ్చాను. ఆపా వచ్చి హాల్లో కుర్చీ అంచు మీద కూర్చుంది. నేను టీ పెట్టి, సాసర్‌లో కప్పు పెట్టి ఇచ్చాను. ఇచ్చాక గానీ గమనించలేదు, మా ఇంట్లో సాసర్లు చుట్టాలకే తీసేవాళ్లం. ఆమె గమనించిందో లేదో. పిల్లల సంగతులు చెప్పింది. పెద్దది బాగా చదువుతోందట. చిన్నది ఇప్పుడు అమ్మీ అని పిలుస్తోందట. సాయంత్రపు అసర్ నమాజు వేళయిందని లేచి పడమటి గదిలోకి వెళ్లింది. వెనక నల్లా తిప్పిన చప్పుడు వినిపించింది. ఆ నల్లాను ఆమె వాడటం అదే మొదటిసారి. నేను వంటింట్లో నిలబడి ఆ నీళ్ల చప్పుడు ఆగేదాకా విన్నాను. వెళ్లేటప్పుడు గది శుభ్రంగా ఉంచినవు అంది. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

ఆమె కట్టిన పది శాతం తిరిగి ఇస్తానని నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ వద్దంది. ఆ వద్దన్న మాట వినడానికే అడిగానేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ డబ్బు నా దగ్గర ఉన్నంతకాలం ఈ ఇంట్లో ఆమె భాగం ఉంది. భాగం ఉన్న మనిషి ఎప్పుడైనా రావచ్చు.

నిఖా అయిన మూడో ఏడు, మాకు పాత జీతాల బకాయిలు చేతికొచ్చిన నెలలోనే, ఆపా తనంతట తనే ఫోన్ చేసింది. పెద్దమ్మాయికి హైదరాబాదులో కాలేజీ సీటు వచ్చింది. చెప్పుల దుకాణం అంతంతమాత్రంగా నడుస్తోంది.

“చెల్లె, నువ్వు ఇస్తనన్న పైసలు...” అని ఆగింది. “అడగబుద్ధి అయితలేదు. కాని పిల్ల సదువు.”

అడగడానికేముంది, నీ డబ్బే కదా అన్నాను. బకాయిలకు పీఎఫ్ నుంచి తీసింది కలిపి, ఆ శనివారమే తీసుకెళ్లాను. ఆమె లెక్కపెట్టలేదు. కవరు రెండు చేతులతో అందుకుని, పెద్దమ్మాయిని పిలిచి, ఖాలాకు సలాం చెయ్యి అంది. ఖాలా అంటే పిన్ని. ఆ పిల్ల వంగి సలాం చేసింది. వాళ్లమ్మలాగే సన్నగా, పొడవుగా ఉంది. భోజనం పెట్టారు. అందరూ నన్ను ప్రేమగానే చూశారు. పిల్లల తండ్రి బస్టాండు దాకా బండి మీద దింపాడు, నా సంచి తనే పట్టుకుని సీట్లో పెట్టాడు. మంచి మనిషి. ఆయన మంచివాడు కాకపోతే బాగుండునని ఎప్పుడైనా అనుకున్నానేమో, ఆ రోజు అది కూడా పోయింది.

బస్సు బీచుపల్లి దగ్గర వంతెన ఎక్కినప్పుడు కృష్ణలో నీళ్లు నిండుగా ఉన్నాయి. అందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు, కొందరు రూపాయి బిళ్లలు విసిరారు. నేను ఒళ్లో ఖాళీ సంచి పెట్టుకుని కూర్చున్నాను. ఇక ఇల్లు పూర్తిగా నాదే. పెబ్బేరులో పక్కసీటు ఆమె దిగేటప్పుడు, ఎందుకేడుస్తున్నవమ్మా అని అడిగింది. కంట్లో దుమ్ము పడిందన్నాను.

ఆపాను ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు చూస్తాను. ఫోన్లు తగ్గాయి. ఆమెకు మోకాళ్ల నొప్పులు, చిన్నదాని చదువు, ఇంటికొచ్చే పోయే చుట్టాలు. నా వైపు చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. కిస్తీలు ఇంకా పద్నాలుగేళ్లున్నాయి. కాలనీలో తాళాలు ఒక్కొక్కటే ఊడుతున్నాయి. మా వరుసలోనే ఇప్పుడు తొమ్మిది ఇళ్లలో దీపాలున్నాయి.

రెండు నెలల కింద పడమటి గదిని ఒక స్టాఫ్ నర్సుకు కిరాయికిచ్చాను. అచ్చంపేట దాటి అమ్రాబాద్ దగ్గరి పిల్ల, పాతికేళ్లుంటాయి. చాలా నెమ్మది. వచ్చిన రోజే అలమర లేదేమని అడిగింది, లేదని చెప్పాను. ఇనప బీరువా ఒకటి తెచ్చుకుని పడమటి గోడకే పెట్టుకుంది. డ్యూటీ నుంచి రాగానే మేడం అని ఒక పిలుపు పిలిచి తన గదిలోకి వెళ్తుంది. ఆ పిలుపు కోసం నేను హాల్లో ఏదో పని కల్పించుకుని ఉంటున్నానని ఈ మధ్యే గమనించాను.

నిన్న ఊరికి వెళ్లింది. సోమవారం వస్తానంది. ఈ రోజు శనివారం.